జానపద కళారూపాల వీడియో రికార్డింగులు: భిన్న కంప్యూటర్ వ్యవస్థల మధ్య బదిలీకి కోడెక్ ఎంపిక

వ్యాస సంగ్రహం:

ప్రదర్శన కళలు, మౌఖిక సాహిత్యం, మాండలికాలపై జరిగే క్షేత్ర పరిశోధనలో వీడియో రికార్డింగు నేడు ప్రధానమైన ఆధార సామగ్రి. ఈ సామగ్రి కెమెరా నుంచి పరిశోధకుని కంప్యూటర్‌కూ, అక్కడి నుంచి పర్యవేక్షకునికీ, ఎడిటింగ్ గదికీ, గ్రంథాలయానికీ చేరుతుంది. ఆ క్రమంలో విండోస్, మ్యాక్, లినక్స్ వంటి వేర్వేరు వ్యవస్థల గుండా ప్రయాణిస్తుంది. ప్రతి మజిలీలోనూ ఫైలు తెరుచుకోకపోవడం, రంగు మారడం, మాటకూ పెదవికీ పొంతన తప్పడం వంటి చిక్కులు ఎదురవుతాయి. వాటిని దాటడానికి తొందరపడి చేసే మార్పిడులు ఆధారాన్నే క్షీణింపజేస్తాయి. కోడెక్ అంటే ఏమిటో, వ్యవస్థల మధ్య అననుకూలత ఎందుకు ఏర్పడుతుందో, ఏ ప్రయోజనానికి ఏ కోడెక్ తగినదో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: క్షేత్ర పరిశోధన, వీడియో రికార్డింగు, కోడెక్, కంటైనర్, సంపీడనం, మూలప్రతి, తోలుబొమ్మలాట, డిజిటల్ భద్రత.

1. ఉపోద్ఘాతం:

తాళపత్ర గ్రంథాలపై పనిచేసినవారికి ప్రతుల చరిత్ర ఎంత ముఖ్యమో తెలుసు. మూలం నుంచి ఒక ప్రతి, ఆ ప్రతి నుంచి మరొకటి పుట్టే కొద్దీ లేఖక దోషాలు పేరుకుంటాయి. అందుకే పాఠ పరిష్కర్త తన చేతిలోని ప్రతి ఎన్నో తరానిదో, దేనిని చూసి రాసినదో ముందుగా విచారిస్తాడు. వీడియో ఫైలు విషయంలో ఈ విచారణ దాదాపుగా జరగడం లేదు. తెరపై బొమ్మ కదిలితే చాలు, అదే మూలమని భావించడం పరిపాటి అయింది.

ఒగ్గుకథ, బుర్రకథ, తోలుబొమ్మలాట, పగటివేషాలు వంటి కళారూపాలలో ఏ రెండు ప్రదర్శనలూ ఒకటి కావు. ఆ రాత్రి ఆ కళాకారుడు ఆశువుగా అన్న మాట, పట్టిన రాగం, ప్రేక్షకుడు ఇచ్చిన జవాబు మళ్ళీ దొరకవు. వృద్ధ కళాకారుల విషయంలో మళ్ళీ వెళ్ళి రికార్డు చేసుకునే అవకాశం కూడా తరచుగా ఉండదు. కనుక వీడియో ఫైలును ఒక వ్యవస్థ నుంచి మరొక వ్యవస్థకు ఎలా తరలించాలన్న ప్రశ్న సాంకేతిక నిపుణునికి మాత్రమే వదిలేయదగినది కాదు. అది పరిశోధకుడు తన ఆధారం పట్ల వహించవలసిన బాధ్యతలో భాగం.

2. కోడెక్, కంటైనర్ - భేదం:

కోడెక్ అనే మాట కోడర్, డీకోడర్ అనే రెండు పదాల కలయిక. దృశ్యాన్ని కుదించి సంకేతాలుగా మార్చే పద్ధతి, ఆ సంకేతాల నుంచి దృశ్యాన్ని తిరిగి రాబట్టే పద్ధతి కలిసి కోడెక్. హెచ్.264, హెచ్.265, ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, ఎఫ్ఎఫ్‌వీ1 అనేవి కోడెక్‌లు.

కంటైనర్ వేరు. కుదించిన దృశ్యాన్ని, ధ్వనిని, కాల వివరాలను, ఉపశీర్షికలను ఒకచోట కట్టి ఉంచే సంచి వంటిది కంటైనర్. ఎంపీ4, మోవ్, ఏవీఐ, ఎంఎక్స్ఎఫ్, మట్రోస్కా అనేవి కంటైనర్లు. ఫైలు పేరు చివర కనిపించేది సాధారణంగా కంటైనర్ గుర్తు మాత్రమే. మోవ్ అని ఉన్న ఒక ఫైలులో హెచ్.264 ఉండవచ్చు, మరొకదానిలో ప్రోరెస్ ఉండవచ్చు, ఇరవై ఏళ్ళ నాటి ఫైలైతే సోరెన్సన్ ఉండవచ్చు. అందువల్ల "ఎంపీ4 ఫైలు పంపండి" అన్న కోరిక అసంపూర్ణం. లోపల ఏ కోడెక్ ఉండాలో కూడా చెప్పాలి. ఫైలు లోపలి వివరాలు చూపడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనం మూడు వ్యవస్థలలోనూ లభిస్తుంది. కోడెక్, ఫ్రేము రేటు, రంగుల వివరాలు, ధ్వని రూపం అన్నీ అందులో తెలుస్తాయి.

ఈ భేదం తెలియడం వల్ల వెంటనే కలిగే ప్రయోజనం ఒకటుంది. కొన్నిసార్లు ఫైలు తెరుచుకోకపోవడానికి కారణం కోడెక్ కాక కంటైనరే అవుతుంది. అప్పుడు లోపలి దృశ్యాన్ని ముట్టుకోకుండా సంచి మాత్రం మార్చవచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనం ఈ పనిని నిమిషాలలో చేస్తుంది. దృశ్యం తిరిగి కుదింపుకు గురికాదు కాబట్టి నాణ్యత ఏమాత్రం తగ్గదు. దీనికి బదులు సాధారణ మార్పిడి సాధనాలతో మొత్తం దృశ్యాన్ని కొత్తగా కుదించడం అనవసరమైన నష్టం.

3. సంపీడనంలో పోయేది ఏమిటి?

3.1. సంపీడనం ఎందుకు?

1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల దృశ్యంలో ఒక్కొక్క బిందువుకు 3 బైట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేములు భద్రపరిస్తే సెకనుకు సుమారు 155 మెగాబైట్లు అవుతాయి. గంటకు దాదాపు 560 గిగాబైట్లు. ఇదే దృశ్యాన్ని సెకనుకు 24 మెగాబిట్ల వేగంతో హెచ్.264 లో రికార్డు చేసే కెమెరా గంటను సుమారు 11 గిగాబైట్లలో ఇముడుస్తుంది. అంటే యాభై వంతులలో ఒక వంతు మిగులుతుంది. ఈ కుదింపు లేనిదే క్షేత్రంలో గంటల తరబడి రికార్డు చేయడం సాధ్యం కాదు. అయితే మిగిలినవాటిలో కొంత తిరిగి లెక్కించి రాబట్టగలిగినదైతే, కొంత శాశ్వతంగా పోయినదే.

3.2. రంగుల కుదింపు:

మానవ నేత్రం వెలుగు తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాలను పట్టదు. దీనిని ఆధారం చేసుకొని 4:2:0 పద్ధతిలో నాలుగు బిందువులకు కలిపి ఒకే రంగు విలువను ఉంచుతారు. 1920×1080 దృశ్యంలో రంగు సమాచారం నిజానికి 960×540 మాత్రమే ఉంటుంది. సామాన్య దృశ్యాలలో ఇది తెలియదు. ఎర్రని నేపథ్యంపై సన్నని గీతలు గల చేర్యాల పటాన్నో, రంగులద్దిన తోలుబొమ్మ రంధ్రాల గుండా వచ్చే వెలుగునో దగ్గరగా తీసినప్పుడు అంచులు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. 4:2:2 పద్ధతిలో రంగు సమాచారం దీనికి రెట్టింపు ఉంటుంది. వర్ణ ప్రయోగమే అధ్యయన విషయమైన పరిశోధనలో ఈ తేడా ముఖ్యమైనది.

వెలుగు మెట్ల సంఖ్య కూడా అటువంటిదే. 8 బిట్ల దృశ్యంలో ఒక్కొక్క వర్ణ భాగానికి 256 మెట్లు, 10 బిట్లలో 1024 మెట్లు ఉంటాయి. తెర వెనుక దీపం వెలుగు క్రమంగా చీకటిలో కలిసే చోట 8 బిట్ల దృశ్యాన్ని గట్టిగా కుదిస్తే ఆ క్రమత పోయి పట్టీలు ఏర్పడతాయి.

3.3. ఫ్రేముల మధ్య సంబంధం:

హెచ్.264, హెచ్.265 వంటి కోడెక్‌లు సాధారణంగా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా భద్రపరచవు. ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, తరువాతివాటిలో మారిన భాగాలను మాత్రమే నమోదు చేస్తాయి. ఇలాంటి ఫైలులో మధ్యలోని ఒక ఫ్రేమును చూపాలంటే కంప్యూటర్ ముందున్న పూర్తి ఫ్రేము నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ వంటివి ప్రతి ఫ్రేమునూ విడిగా కుదిస్తాయి. ఫైలు పెద్దదైనా ఎడిటింగ్‌లో ముందుకూ వెనుకకూ సునాయాసంగా కదులుతుంది.

3.4. తరాల నష్టం:

హెచ్.264 ఫైలును మళ్ళీ హెచ్.264 లోకే మార్చినా కొంత సమాచారం పోతుంది. పోయినదాని స్థానంలో గళ్ళు, మసకలు చేరతాయి. తరువాతి మార్పిడి ఆ దోషాలనే దృశ్యమని భావించి వాటినీ కుదిస్తుంది. మెసేజింగ్ యాప్‌లలో వీడియోగా పంపినప్పుడు, వీడియో వేదికలకు ఎక్కించినప్పుడు ఇదే జరుగుతుంది. అక్కడి నుంచి దించుకున్నది మూలప్రతి కాదు. కనీసం ఒక తరం దిగిన పుత్రికా ప్రతి. దానిని పెద్ద ఫైలుగా మార్చినంత మాత్రాన పోయిన వివరం తిరిగి రాదు.

4. వ్యవస్థల మధ్య అననుకూలతకు కారణాలు:

4.1. పేటెంట్లు: హెచ్.264 ప్రమాణం 2003 లో, హెచ్.265 ప్రమాణం 2013 లో వెలువడ్డాయి. రెండింటిలోనూ అనేక సంస్థల పేటెంట్లు ఉన్నాయి. అందువల్ల ఫెడోరా వంటి లినక్స్ పంపిణీలు వీటి పూర్తి కోడెక్‌లను మూల స్థాపనలో చేర్చవు. విండోస్ 10, 11 వ్యవస్థలలో హెచ్.265 కోసం చాలా కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి అదనపు భాగాన్ని తెచ్చుకోవలసి ఉంటుంది. ఐఫోన్లు 2017 నుంచి హెచ్.265 లో రికార్డు చేయగలుగుతున్నాయి. కనుక ఐఫోన్‌లో తీసిన దృశ్యం విండోస్ కంప్యూటర్‌లో ధ్వని మాత్రమే వినిపించి తెర నల్లగా ఉండిపోవడం ఆశ్చర్యం కాదు; ఫైలు చెడిపోయిందని భావించనక్కరలేదు. వీఎల్‌సీ ప్లేయర్ తన కోడెక్‌లను తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి అదే ఫైలు అందులో ఆడుతుంది. ఒక ఫైలు చెడిందా లేక వ్యవస్థకే కోడెక్ లేదా అని తేల్చుకోవడానికి ఇది సులభమైన పరీక్ష.

4.2. మద్దతు ఉపసంహరణ: ఆపిల్ సంస్థ విండోస్ కోసం ఇచ్చిన క్విక్‌టైమ్‌కు 2016 లో మద్దతు నిలిపివేసింది. భద్రతా లోపాల కారణంగా దానిని తొలగించుకోవలసిందిగా ఆ ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా విభాగం సూచించింది. దానిపై ఆధారపడిన విండోస్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో పాత మోవ్ ఫైళ్ళు తెరవడం ఒక్కసారిగా సమస్య అయింది. మ్యాక్ వ్యవస్థలో 2019 నాటి కాటలీనా సంచిక 32 బిట్ల భాగాలను విడిచిపెట్టినప్పుడు సినీప్యాక్, సోరెన్సన్ వంటి పాత కోడెక్‌లు సొంత యంత్రంలోనే తెరుచుకోకుండా పోయాయి. ఒక సంస్థ అధీనంలోని కోడెక్‌ను నమ్ముకున్న ఆధారం ఆ సంస్థ నిర్ణయానికి లోబడి ఉంటుందని ఈ రెండు సంఘటనలూ తెలుపుతున్నాయి.

4.3. యంత్ర సామర్థ్యం: హెచ్.265 ఫైలును విప్పడానికి ప్రాసెసర్‌లో ప్రత్యేక వలయం లేకపోతే భారమంతా సాఫ్ట్‌వేర్‌పై పడి దృశ్యం తడబడుతుంది. 2018 లో వెలువడిన ఏవీ1 కుదింపులో మేలైనది, రాయల్టీ లేనిది. అయినా పాత యంత్రాలలో ఇదే ఇబ్బంది దానికీ ఉంది.

4.4. రంగుల గుర్తులు: పాత టేపుల నాటి దృశ్యాలకు రెక్. 601, హెచ్‌డీ దృశ్యాలకు రెక్. 709 అనే వర్ణ ప్రమాణాలు వర్తిస్తాయి. ఏ ప్రమాణమో తెలిపే గుర్తు మార్పిడిలో జారిపోతే ఎరుపు, ఆకుపచ్చ రంగులు స్వల్పంగా మారి కనిపిస్తాయి. 2020 నుంచి వచ్చిన కొన్ని ఐఫోన్లు హెచ్‌డీఆర్ పద్ధతిలో తీస్తాయి. అటువంటి దృశ్యం దానిని గుర్తించలేని కంప్యూటర్‌లో వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. క్షేత్రానికి వెళ్ళే ముందే ఫోన్‌లో హెచ్‌డీఆర్‌ను ఆపివేయడం మేలు.

5. ప్రయోజనాన్ని బట్టి కోడెక్ ఎంపిక:

"అన్నిటికన్నా మంచి కోడెక్ ఏది?" అన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఏ ప్రతి, ఎవరి కోసం, ఏ పనికి అన్నది తేలిన తరువాతే ఎంపిక సాధ్యం. పరిశోధకుడు నాలుగు రకాల ప్రతులను వేరు చేసి చూడడం అవసరం.

5.1. మూలప్రతి: కెమెరా లేదా ఫోన్ రాసిన ఫైలే మూలప్రతి. అది ఏ కోడెక్‌లో ఉన్నా దానిని మార్చకూడదు, పేరు తప్ప మరేదీ ముట్టుకోకూడదు. కొన్ని కెమెరాలు, ముఖ్యంగా ఏవీసీహెచ్‌డీ పద్ధతిలోనివి, పొడవైన రికార్డింగును ముక్కలుగా విభజించి వాటి క్రమాన్ని వేరే ఫోల్డర్లలో నమోదు చేస్తాయి. కాబట్టి ఫైళ్ళను ఏరుకోకుండా, పేర్లు కూడా మార్చకుండా కార్డులోని ఫోల్డర్ల వ్యవస్థనంతటినీ యథాతథంగా కాపీ చేసుకోవాలి.

5.2. ఎడిటింగ్ ప్రతి: వేర్వేరు వ్యవస్థలు గల ఎడిటింగ్ గదుల మధ్య తిరిగే ప్రతికి ప్రోరెస్ లేదా డీఎన్ఎక్స్ కుటుంబపు కోడెక్ తగినది. ప్రోరెస్‌ను ఆపిల్ 2007 లో ప్రవేశపెట్టింది. డీఎన్ఎక్స్‌హెచ్‌డీ ఎవిడ్ సంస్థది. అది తరువాత వీసీ-3 పేరుతో ప్రమాణంగా నమోదైంది. గమ్యస్థానం మ్యాక్ అయితే మోవ్ కంటైనర్‌లో ప్రోరెస్, విండోస్ అయితే ఎంఎక్స్ఎఫ్ లేదా మోవ్ కంటైనర్‌లో డీఎన్ఎక్స్ అన్నది అలవాటైన మార్గం. నేడు ప్రధాన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండింటినీ చదువుతున్నాయి. 1080 దృశ్యం, సెకనుకు 25 ఫ్రేములకు ప్రోరెస్ 422 వేగం సెకనుకు 122 మెగాబిట్లు. అంటే గంటకు సుమారు 55 గిగాబైట్లు. ఎల్‌టీ రకం 85 మెగాబిట్లతో గంటకు సుమారు 38 గిగాబైట్లు తీసుకుంటుంది. మూలం 8 బిట్ల 4:2:0 హెచ్.264 అయినప్పుడు అత్యున్నత రకాన్ని ఎంచుకోవడం వల్ల ఫైలు పెరుగుతుందే గాని కొత్త వివరం చేరదు.

5.3. వీక్షణ, లిప్యంతరీకరణ ప్రతి: పర్యవేక్షకునికి, పరీక్షకునికి, సహ పరిశోధకునికి పంపవలసిన ప్రతి ఏ యంత్రంలోనైనా అదనపు ఏర్పాట్లు లేకుండా తెరుచుకోవాలి. దీనికి నేటికీ హెచ్.264 కోడెక్, 8 బిట్లు, 4:2:0, ఏఏసీ ధ్వని, ఎంపీ4 కంటైనర్ అన్న కూర్పే అత్యంత నమ్మదగినది. పది బిట్ల హెచ్.264 ను చాలా ప్రాసెసర్లు నేరుగా విప్పలేవు కనుక ఈ ప్రతికి అది తగదు. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనంలో నాణ్యతా సూచిని 18 నుంచి 22 మధ్య ఉంచితే సరిపోతుంది. సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది.

మాటలను, అభినయాన్ని కాలరేఖపై గుర్తించే ఈలాన్ వంటి సాధనాలు వాడేవారు మరొక విషయం గమనించాలి. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషామనోవిజ్ఞాన సంస్థలో రూపొందిన ఈ సాధనం మూడు వ్యవస్థలలోనూ పనిచేస్తుంది. అయితే వీడియో ఆడించడానికి ఆయా వ్యవస్థలలో ఉన్న ఏర్పాట్లపై ఆధారపడుతుంది. ఒక యంత్రంలో గుర్తించిన అక్షరం ఆరంభ బిందువు మరొక యంత్రంలో స్వల్పంగా జరిగినట్లు కనిపించడానికి ఇది ఒక కారణం. పూర్తి ఫ్రేముల మధ్య దూరం తక్కువగా, సెకనుకు ఒకటి లేదా రెండు ఉండేలా ప్రతిని తయారు చేసుకుంటే కోరిన చోటికి వెళ్ళడం వేగవంతమవుతుంది. పరిశోధన బృందంలో అందరూ ఒకే వీక్షణ ప్రతిని వాడడం తప్పనిసరి.

5.4. భద్రపరిచే ప్రతి: ఇక్కడ రెండు సందర్భాలను విడదీయాలి. మొదటిది, డిజిటల్‌గానే పుట్టిన ఫైలు. దీనికి మూలప్రతే భద్రపరిచే ప్రతి. దానిని నష్టరహిత కోడెక్‌లోకి మార్చడం వల్ల పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది తప్ప నాణ్యత పెరగదు. హెచ్.264 వంటి విస్తృత ప్రమాణం సమీప భవిష్యత్తులో చదవలేనిది కాదు.

రెండవది, వీహెచ్ఎస్ వంటి అనలాగ్ టేపు నుంచి కొత్తగా డిజిటల్ రూపం పొందేది. దీనిని మొదటిసారి పట్టేటప్పుడే నష్టసహిత కోడెక్‌ను వాడితే టేపు శిథిలమైన తరువాత దిద్దుకోవడం అసాధ్యం. దీనికి ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్, మట్రోస్కా కంటైనర్, కుదించని పీసీఎం ధ్వని అన్న కూర్పు తగినది. ఎఫ్ఎఫ్‌వీ1 నష్టరహితం, విప్పినప్పుడు ప్రతి బిందువూ యథాతథంగా వస్తుంది. దాని వివరణ 2021 లో అంతర్జాల ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ పత్రంగా వెలువడింది. ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు, ఏ సంస్థ మూతపడినా దానిని చదివే సాధనాన్ని తిరిగి నిర్మించుకోవచ్చు. మూడవ సంచికలో లోపాలను పట్టే అంతర్గత తనిఖీ సంఖ్యలు కూడా ఉన్నాయి. వియన్నాలోని ఆస్ట్రియా మీడియాథెక్ వంటి జాతీయ భాండాగారాలు దీనిని వాడుతున్నాయి.

మినీ డీవీ టేపులు ఈ రెంటికీ మధ్యలోనివి. వాటిలో ఉన్నది అప్పటికే డిజిటల్ సమాచారం. ఫైర్‌వైర్ తీగ ద్వారా ఆ డీవీ ప్రవాహాన్ని మార్పు లేకుండా తెచ్చుకుంటే గంటకు సుమారు 13 గిగాబైట్లతో మూలమే లభిస్తుంది. పాత వీసీడీలలోని 352×288 ఎంపెగ్-1 దృశ్యానికీ ఇదే సూత్రం. దానిని పెద్ద తెరకు సాగదీసి భద్రపరచకుండా ఉన్నదున్నట్లు ఉంచాలి.

6. ఫ్రేము రేటు, ధ్వని:

మన దేశపు టెలివిజన్ పద్ధతి సెకనుకు 25 ఫ్రేములు. ఫోన్లు సాధారణంగా 30 తీస్తాయి. పైగా వెలుతురు తగ్గినప్పుడు ఫ్రేము రేటు మధ్యలోనే మారే ఫోన్లు ఉన్నాయి. ఇటువంటి అస్థిర రేటు గల ఫైలును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ స్థిర రేటుగా భావిస్తే ధ్వని క్రమంగా దృశ్యం నుంచి జారుతుంది. 30 ఫ్రేముల దృశ్యాన్ని 29.97 గా పరిగణిస్తేనే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. తాళగతిని, పలుకుబడిని విశ్లేషించే పరిశోధనలో ఇది ఉపేక్షించదగినది కాదు. ఎడిటింగ్ ప్రతి, వీక్షణ ప్రతి రెండింటినీ స్థిర ఫ్రేము రేటుతో తయారు చేసుకోవాలి.

అలాగే పాత టేపులు, కొన్ని హెచ్‌డీ కెమెరాలు ఒక్కొక్క ఫ్రేమును సరి, బేసి వరుసల రెండు భాగాలుగా నమోదు చేస్తాయి. కంప్యూటర్ తెరపై కదలికల అంచుల వద్ద దువ్వెన పళ్ళ వంటి గీతలు కనిపించడానికి కారణం ఇదే. వాటిని వీక్షణ ప్రతిలో మాత్రమే సరిచేయాలి. భద్రపరిచే ప్రతిలో సరిచేస్తే సగం కాలిక సమాచారం పోతుంది.

ధ్వని విషయంలో పొదుపు అనవసరం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల కుదించని స్టీరియో ధ్వని గంటకు సుమారు ఒక గిగాబైటు మాత్రమే. మౌఖిక సాహిత్యంలో పాఠమంతా ధ్వనిలోనే ఉన్నప్పుడు వేరే రికార్డర్‌తో వేవ్ ఫైలుగా దానిని ప్రత్యేకంగా నమోదు చేసుకోవడం ఉత్తమం.

7. అన్వయం - ఒక తోలుబొమ్మలాట రికార్డింగు:

అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట వంటి గ్రామంలో నాలుగు గంటల తోలుబొమ్మలాట ప్రదర్శనను ఒక పరిశోధకుడు రికార్డు చేశాడనుకుందాం. తెర ముందు కెమెరా సెకనుకు 24 మెగాబిట్ల హెచ్.264 లో తీసింది. తెర వెనుక బొమ్మలాడించేవారి చేతులను ఐఫోన్ హెచ్.265 లో తీసింది. పరిశోధకునిది లినక్స్, పర్యవేక్షకునిది విండోస్, విశ్వవిద్యాలయ ఎడిటింగ్ గదిలోనిది మ్యాక్.

కెమెరా మూలం సుమారు 43 గిగాబైట్లు. దానిని, ఫోన్ మూలాన్ని రెండు వేర్వేరు డిస్కులలో యథాతథంగా భద్రపరచాలి. ఎడిటింగ్ గదికి ప్రోరెస్ ఎల్‌టీ ప్రతి ఇస్తే కెమెరా భాగం సుమారు 153 గిగాబైట్లు, ప్రోరెస్ 422 ఇస్తే సుమారు 220 గిగాబైట్లు అవుతుంది. మూలం 8 బిట్ల 4:2:0 కనుక మొదటిదే చాలు. ఫోన్ భాగాన్ని స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చిన తరువాతే కెమెరా భాగంతో జోడించాలి. పర్యవేక్షకునికి సెకనుకు 5 మెగాబిట్ల హెచ్.264 ఎంపీ4 ప్రతి సుమారు 9 గిగాబైట్లలో వస్తుంది. దీపపు వెలుగులో పట్టీలు కనిపిస్తే ఆ దృశ్యాలకు మాత్రం వేగం పెంచాలి. సిద్ధాంత గ్రంథంలో ఉంచే నిశ్చల చిత్రాలను వీక్షణ ప్రతి నుంచి కాక మూలప్రతి నుంచే తీసుకోవాలి. బొమ్మల రంగులపై చేసే ఏ వ్యాఖ్య అయినా మూలప్రతి ఆధారంగానే ఉండాలి. ఎడిటింగ్ పూర్తయ్యాక ప్రోరెస్ ప్రతిని తొలగించినా నష్టం లేదు, మూలం నుంచి మళ్ళీ తయారు చేసుకోవచ్చు. మూలాన్ని తొలగించి ప్రోరెస్‌ను ఉంచుకోవడం తగదు.

8. బదిలీలో ఇతర జాగ్రత్తలు:

కోడెక్ సరిపోయినా డిస్కు రూపం అడ్డుపడవచ్చు. ఫ్యాట్32 రూపంలో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. విండోస్ వారి ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కును మ్యాక్ చదువుతుంది గాని సహజంగా దానిపై రాయదు. మూడు వ్యవస్థల మధ్య తిరిగే డిస్కుకు ఎక్స్‌ఫ్యాట్ అనువైనది. అయితే అది దీర్ఘకాలిక నిల్వకు అంత దృఢమైనది కాదు కనుక బదిలీకే పరిమితం చేయాలి.

కాపీ సరిగా జరిగిందో లేదో ఫైలు పరిమాణం చూసి నిర్ణయించలేము. షా-256 వంటి తనిఖీ సంఖ్యను మూలానికీ కాపీకీ లెక్కించి పోల్చాలి. ఒక్క బిట్టు మారినా సంఖ్య మారుతుంది. ఈ సౌకర్యం మూడు వ్యవస్థలలోనూ అంతర్నిర్మితంగా ఉంది.

తెలుగు లిపిలో ఫైలు పేర్లు పెట్టేవారు ఒక సూక్ష్మం తెలుసుకోవాలి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం గుర్తుకు మరొక గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. మ్యాక్ వారి పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు రూపం పేర్లను రెండవ విధంగా విడదీసి ఉంచుతుంది. లినక్స్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్లే ఉంచుతుంది. ఫలితంగా 'పైడితల్లి' అన్న పేరు గల ఫైలు రెండు చోట్లా ఒకేలా కనిపించినా కంప్యూటర్ దృష్టిలో రెండు వేర్వేరు పేర్లు కావచ్చు. అప్పుడు ఎడిటింగ్ ప్రాజెక్టు ఆ ఫైలు కనిపించడం లేదని చెప్పవచ్చు. కనుక ఫైలు పేరులో రోమన్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడి, తెలుగు వివరాలను వేరే పత్రంలో ఉంచడం క్షేమకరం.

తాళపత్ర లేఖకుడు చివర పుష్పికలో తన పేరు, కాలం, చూసి రాసిన ప్రతి వివరాలు చెప్పినట్లే ప్రతి వీడియో ప్రతికీ ఒక చిన్న వివరణ పత్రం ఉండాలి. రికార్డు చేసిన తేదీ, స్థలం, కళాకారుల పేర్లు, వారి అనుమతి, పరికరం, మూల కోడెక్, తరువాత జరిగిన మార్పిడి, దానికి వాడిన సాధనం, తనిఖీ సంఖ్య అందులో నమోదు కావాలి.

9. ముగింపు:

పై చర్చ ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. ఫైలు పేరు చివరి గుర్తు కంటైనర్‌నే తెలుపుతుంది. లోపలి కోడెక్‌ను తనిఖీ చేసిన తరువాతే మార్పిడికి పూనుకోవాలి. కంటైనర్ మార్పు చాలిన చోట కోడెక్‌ను మార్చకూడదు.

2. మూలప్రతి మార్పుకు అతీతం. మార్పిడులన్నీ నేరుగా మూలం నుంచే జరగాలి. ప్రతి నుంచి ప్రతి తీయకూడదు.

3. ఎడిటింగ్‌కు ప్రోరెస్ లేదా డీఎన్ఎక్స్, వీక్షణకు ఎంపీ4 లో హెచ్.264, అనలాగ్ టేపుల భద్రతకు మట్రోస్కాలో ఎఫ్ఎఫ్‌వీ1 తగినవి.

4. ఫ్రేము రేటు, వర్ణ ప్రమాణం, డిస్కు రూపం, ఫైలు పేరు అన్నవి కోడెక్‌తో సమానంగా పట్టించుకోవలసినవి.

5. తనిఖీ సంఖ్య, వివరణ పత్రం లేని వీడియో ప్రతి విద్యా విషయక ఆధారంగా అసంపూర్ణం.

సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా సమర్పించే వీడియో విషయంలో విశ్వవిద్యాలయ శాఖలు మూలప్రతిని, వీక్షణ ప్రతిని, వివరణ పత్రాన్ని మూడింటినీ కోరే పద్ధతి ఏర్పడితే తరువాతి పరిశోధకులకు ఎంతో మేలు జరుగుతుంది. ముప్పై ఏళ్ళ తరువాత ఒక విద్యార్థి ఆ కళాకారుని గొంతు వినగోరినప్పుడు, ఆ ఫైలు తెరుచుకోవడమే కాక, అది ఆ రాత్రి కెమెరా చూసినదే అని నమ్మగలగాలి. ఆ నమ్మకానికి పునాది నేడు మనం చేసే ఎంపికలోనే ఉంది.